‘సాక్ష్యం కనబడలేదు’
ఉయిగూర్ నిర్బంధ శ్రమపై వర్తక సంస్థల ప్రకటనలు: ఒక పరిశీలన

2020 మార్చి 1వ తేదీన ఆస్ట్రేలియన్ వ్యూహాత్మక విధాన సంస్థ ‘అమ్మకానికి ఉయిగూరులు’ అనే అర్థం వచ్చే శీర్షికతో ఒక నివేదిక వెలువరించింది. 2017 నుండి 2019 వరకు సింకియాంగ్ ప్రాంతం నుండి 80,000కు పైబడిన ఉయిగూరులను చైనాలోని ఇతర రాష్ట్రాల కర్మాగారాలకు తరలించారనీ, తొమ్మిది రాష్ట్రాలలోని 27 కర్మాగారాలు వారిని పనిలో పెట్టుకున్నాయనీ, అక్కడ తయారైన సరుకు 82 ప్రసిద్ధ సంస్థలకు చేరుతున్నదనీ ఆ నివేదిక సారాంశం. ఆ తరువాత ఇదే విషయంపై వెలువడిన పరిశోధనలు అనేకం. వాటికి జవాబుగా వర్తక సంస్థలు చేసిన ప్రకటనలు అంతకంటే ఎక్కువ. పరిశోధనలను మెచ్చుకున్నవారూ, తప్పుపట్టినవారూ ఉన్నారు గాని, ప్రకటనలను శ్రద్ధగా చదివినవారు అరుదు. అవి చదవదగినవి. ఒక్కొక్కటి నాలుగైదు వాక్యాలకు మించదు. న్యాయవాది చూసి దిద్దిన భాష అని మొదటి పంక్తిలోనే తెలిసిపోతుంది. అయినప్పటికీ ఈ వ్యవహారంలోని అసలు ప్రశ్న ఏమిటో, అది ఎక్కడ దాచబడిందో ఆ నాలుగు వాక్యాలలోనే ఉన్నది.

నివేదిక కర్తలు ప్రకటనకు ముందే ఆయా సంస్థలకు లేఖలు వ్రాశారు. కొన్ని సంస్థలు 2020లో ఆ కర్మాగారాలతో సంబంధాలు తెంచుకోవలసిందిగా తమ సరఫరాదారులను ఆదేశించినట్లు తెలిపాయి. అడిడాస్, బాష్, పానసోనిక్ వంటివి ఆ కర్మాగారాలతో తమకు నేరుగా ఒప్పందం లేదన్నాయి. ఎన్నో చేతులు మారిన తరువాత కూడా ఆ సరుకు తమ వద్దకు రావడం లేదని మాత్రం ఏ ఒక్క సంస్థా చెప్పలేకపోయింది. ‘నేరుగా’ అన్న ఆ ఒక్క మాట మీదనే జవాబంతా నిలబడి ఉన్నది. నేటి వర్తకంలో నేరుగా జరిగేది ఏమున్నది? దూది ఒకచోట, నూలు మరొకచోట, బట్ట ఇంకొకచోట, కుట్టు వేరొక దేశంలో. చొక్కా మీద పేరు వేసుకునే సంస్థకు దూది చేనితో ఎన్నడూ నేరుగా ఒప్పందం ఉండదు. లేనిదానిని లేదని చెప్పడం అబద్ధం కాదు, జవాబు కూడా కాదు.

ఆ నివేదికను నిర్దోషమని చెప్పనక్కరలేదు. ఏ కర్మాగారం ఏ సంస్థకు సరుకిస్తున్నదన్న విషయంలో అది కొన్నిచోట్ల కర్మాగారాలు తమ గురించి తాము వ్రాసుకున్న మాటలపైనే ఆధారపడింది. పెద్ద పేరున్న ఖాతాదారును చెప్పుకొని గొప్పకు పోవడం చిన్న కర్మాగారాలకు అలవాటే. ఆ సంస్థకు ఆస్ట్రేలియా రక్షణశాఖ నుండి ధనసహాయం అందుతున్నదన్న ఆక్షేపణ కూడా అసత్యం కాదు. అయితే నివేదికలోని ముఖ్యభాగానికి ఆధారం శత్రువుల సాక్ష్యం కాదు. చైనా ప్రభుత్వపు ఉత్తర్వులు, స్థానిక పత్రికల వార్తలు, శ్రామికులను సరఫరా చేస్తామన్న వ్యాపార ప్రకటనలు. సింకియాంగ్ ప్రభుత్వం 2018లో వెలువరించిన ఒక ఉత్తర్వు ప్రకారం, గ్రామీణ శ్రామికుణ్ణి ఆ ప్రాంతంలోనే మరొకచోటికి పనికి పంపిన నిర్వాహకుడికి తలకు 20 యువాన్లు ముడతాయి. ప్రాంతం దాటించి పంపితే తలకు 300 యువాన్లు. తీసుకున్న కర్మాగారానికి ఏడాది ఒప్పందమైతే మనిషికి 1,000 యువాన్లు, మూడేళ్ళ ఒప్పందమైతే 5,000. ఉద్యోగం చూపినందుకు రుసుము తీసుకోవడం లోకంలో ఉన్నదే. మనిషిని ఊరికి ఎంత దూరం పంపితే అంత హెచ్చు ధర కట్టడమన్నది ఉపాధి కల్పనకు సంబంధించిన లెక్కగా కనబడదు.

షాన్‌డాంగ్ రాష్ట్రంలోని చింగ్‌డావ్ సమీపాన నైకీ సంస్థకు బూట్లు కుట్టే తేక్వాంగ్ కర్మాగారంలో సుమారు 600 మంది ఉయిగూరులు పనిచేశారు. వారిలో అత్యధికులు స్త్రీలు. పగలు బూట్ల పని. రాత్రి ‘దానిమ్మ గింజ’ పేరుగల బడిలో చైనా భాష, దేశభక్తి పాఠాలు. వేరు వసతి గృహం, వెన్నంటి కాపలా, మతాచరణకు అవకాశం లేదు. దానిమ్మ గింజలవలె జాతులన్నీ ఒకదానినొకటి అంటిపెట్టుకొని ఉండాలన్నది చైనా నాయకత్వపు నినాదం. ఖుర్‌ఆన్‌లో దానిమ్మ స్వర్గఫలాలలో ఒకటిగా పేర్కొనబడింది. నమాజు నిషేధింపబడిన చోట బడికి ఆ పేరు పెట్టినవారికి ఈ సంగతి తెలిసి ఉండకపోవచ్చును.

చైనా ప్రభుత్వం తరలింపులను కాదనలేదు. 2020 సెప్టెంబరులో అది విడుదల చేసిన శ్వేతపత్రమే 2014 నుండి 2019 వరకు సగటున ఏటా 27,60,000 గ్రామీణ శ్రామిక తరలింపులు జరిగాయనీ, అందులో దాదాపు 16,80,000 దక్షిణ సింకియాంగ్‌వేననీ గర్వంగా చెప్పుకున్నది. ఇది పేదరిక నిర్మూలన అని, అందరూ స్వచ్ఛందంగా వెళ్ళారని ఆ ప్రభుత్వపు వాదన. న్యాయశాస్త్ర పరిభాషలో ఇది ‘ఇఖ్రార్’, అనగా ప్రతివాది స్వయంగా ఒప్పుకోలు. దానికి మించిన సాక్ష్యం లేదని ఫిఖ్‌హ్ పండితుల ఏకాభిప్రాయం. కనుక తరలింపు జరిగిందా లేదా అన్నది వివాదాంశమే కాదు. మిగిలినది ఒక్కటే: సమ్మతి ఉన్నదా?

ఈ ప్రశ్న షరీఅత్‌కు కొత్తది కాదు. హనఫీ న్యాయశాస్త్రంలో మహాగ్రంథమైన ‘అల్ మబ్‌సూత్’లో ఇమామ్ సరఖ్‌సీ (రహ్మ) ‘ఇక్రాహ్’కు, అనగా బలవంతానికి, ఒక ప్రత్యేక ప్రకరణమే కేటాయించారు. పాలకుని ఆగ్రహానికి గురై కారాగారంలో ఉండి, శిష్యులకు చెప్పి వ్రాయించిన గ్రంథమది అని ప్రసిద్ధి. ఆ కారాగారమున్న ఉజ్‌గంద్ ఫర్గానా లోయలోనిది. కాష్గర్‌ను ఏలిన ఖారాఖానీ వంశమే ఆ పట్టణాన్నీ ఏలింది. తురుష్క భాషల తొలి మహానిఘంటువును 11వ శతాబ్దంలో అరబీలో కూర్చిన మహ్మూద్ కాష్గరీ కూడా ఆ లోకానికి చెందినవాడే. నేడు బలవంతానికి గురవుతున్నవారు ఆ సంప్రదాయంలోనే నమాజు నేర్చుకున్న హనఫీలు. వారి వ్యవహారాన్ని వారి ఫిఖ్‌హ్‌తో తూచి చూడడం అసందర్భం కాదు.

బలవంతం ఎప్పుడు సిద్ధిస్తుందన్న విషయంలో ఇమామ్ అబూ హనీఫా (రహ్మ)కు, ఆయన శిష్యులకు ఒక ప్రసిద్ధమైన భేదాభిప్రాయం ఉన్నది. రాజ్యాధికారి వలన మాత్రమే నిజమైన బలవంతం సాధ్యమని ఇమామ్ అభిప్రాయం. బెదిరించినదానిని చేసి చూపగల శక్తి ఎవరికున్నా అది బలవంతమేనని అబూ యూసుఫ్, ముహమ్మద్ (రహ్మ)ల మాట. ఇది కాలభేదం వల్ల వచ్చినదే గాని సూత్రభేదం కాదని తరువాతివారు సమన్వయించారు. సింకియాంగ్ విషయంలో ఆ భేదానికి తావే లేదు. ఇంటికి వచ్చి పనికి రమ్మని అడిగేవాడు ప్రభుత్వోద్యోగి. కాదన్నవాణ్ణి పంపడానికి శిబిరం ఉన్నదని ఊరందరికీ తెలుసు. ఖోతన్ ప్రాంతంలోని ఖరాఖాష్ జిల్లా నుండి బయటపడి 2020 ఫిబ్రవరిలో వెల్లడైన అధికారిక జాబితాలో, గడ్డం పెంచడం, ముసుగు ధరించడం, పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టడం, హెచ్చు సంతానం కలిగి ఉండడం శిబిరానికి పంపడానికి కారణాలుగా నమోదయి ఉన్నాయి. పాస్‌పోర్టు అడిగినందుకే నిర్బంధం ఉన్న చోట, పనికి రానని చెప్పగలవాడెవడు? అతడు పెట్టిన సంతకం సమ్మతి అవుతుందా? బలవంతంపై జరిగిన అమ్మకం, అద్దె, కూలి ఒప్పందాలు దోషయుక్తాలని హనఫీ సిద్ధాంతం. బలవంతం తొలగిన తరువాత అతడు స్వేచ్ఛగా ఆమోదిస్తేనే వాటికి చెల్లుబాటు. అంతర్జాతీయ కార్మిక సంస్థవారి 1930 నాటి 29వ ఒడంబడిక కూడా ఇంచుమించు ఇదే చెబుతుంది: శిక్షాభయంతో చేయించినదీ, తనంతట తాను ముందుకు రానిదీ నిర్బంధ శ్రమ. ఆ ఒడంబడికను చైనా 2022 ఆగస్టులో ధ్రువీకరించింది. వెట్టి అన్న మాటను పుస్తకాలలో గాక ఇళ్ళలో విన్న తెలుగు పాఠకునికి, కూలి ఇచ్చినంత మాత్రాన వెట్టి కాకుండా పోదని వేరే చెప్పనక్కరలేదు.

ఇక వర్తక సంస్థలు వాడే రెండవ వాక్యం: తనిఖీలో నిర్బంధ శ్రమకు సాక్ష్యం కనబడలేదు. దీని విలువ ఎంతో తనిఖీదారులే తేల్చారు. 2020 సెప్టెంబరు నాటికి బ్యూరో వెరిటాస్, టూఫ్ జ్యూడ్, రీనా మొదలైన తనిఖీ సంస్థలు సింకియాంగ్‌లో ఇక శ్రామిక తనిఖీలు చేయబోమని చెప్పేశాయి. కాపలాదారు పక్కన నిలబడి ఉండగా, ప్రభుత్వం కుదిర్చిన దుబాసీ ద్వారా, నీవు ఇష్టపడే పనిచేస్తున్నావా అని అడిగితే వచ్చే జవాబును ఏ ఖాజీ కూడా నమోదు చేయడు.

ఫోక్స్‌వ్యాగన్ సంస్థ మాత్రం ఆ పనికి సాహసించింది. 2013లో ఉరుంచీలో తెరిచిన కర్మాగారాన్ని గురించి ఆ సంస్థ అధిపతిని 2019లో బి.బి.సి. విలేకరి ప్రశ్నించినప్పుడు, శిబిరాల సంగతి తనకు తెలియదని ఆయన చెప్పిన తీరు లోకమంతా చూసింది. 2023 డిసెంబరులో తనిఖీ ఫలితం ప్రకటించారు. కర్మాగారంలో 197 మంది ఉద్యోగులు. వారిలో 40 మందితో ముఖాముఖి. నిర్బంధ శ్రమకు సూచనలు లేవు. తనిఖీ నిర్వహించినది మార్కుస్ లోనింగ్ అనే జర్మన్ మానవహక్కుల నిపుణుని సంస్థ, షెన్‌జెన్‌లోని ఒక న్యాయవాద సంస్థతో కలిసి. ఫలితం వెలువడిన కొద్ది రోజులకే లోనింగ్ సంస్థలోని ఉద్యోగులు, యజమానీ మరొకరూ తప్ప తమలో ఎవరూ ఈ పనిలో పాల్గొనలేదని బహిరంగంగా ప్రకటించారు. సింకియాంగ్‌లో సమాచారం సేకరించడంలోని ఇబ్బందులు అందరికీ తెలిసినవేనని లోనింగ్ కూడా ఒప్పుకున్నాడు. తుర్ఫాన్‌లోని మోటారు పరీక్షా మార్గం ఆ తనిఖీ పరిధిలోనే లేదు. 2024 నవంబరులో సంస్థ ఉరుంచీ కర్మాగారాన్ని అమ్మివేసి, ఆర్థిక కారణాలను పేర్కొన్నది. పదకొండేళ్ళు ఉన్నది లాభం కొరకు, పోయినది నష్టం వలన. మధ్యలో నడిచిన ధర్మచర్చకు ఆ ప్రకటనలో ఒక్క పంక్తి అయినా దక్కలేదు. రెండవ ప్రపంచయుద్ధంలో సుమారు 20,000 మంది నిర్బంధ శ్రామికులతో నడిచిన సంస్థ ఇది. ఆ చరిత్రను తవ్వించి, స్మారకం కట్టించి, గ్రంథాలు వ్రాయించిన సంస్థ కూడా ఇదే. గతించినవారి నిర్బంధానికి సాక్ష్యం వెదకడానికి చూపిన ఓర్పు జీవించి ఉన్నవారి విషయంలో కొరవడింది.

కొనుగోలుదారుల ఒత్తిడి ఎప్పుడూ వ్యర్థమని దీని అర్థం కాదు. దగ్గరి ఉదాహరణ ఒకటి ఉన్నది. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల సంకర పత్తి విత్తనపు చేలలో పువ్వు పువ్వుకూ చేతితో పరాగసంపర్కం చేయడానికి బాలికలను కూలికి పెట్టిన సంగతిని దావులూరి వెంకటేశ్వర్లు అధ్యయనాలు వెలికితీశాయి. బహుళజాతి విత్తన సంస్థల పాత్రపై 2003లో వెలువడిన ఆయన నివేదిక విదేశాలలో కూడా సంచలనం కలిగించింది. రైతుకూ సంస్థకూ నడుమ సీడ్ ఆర్గనైజరు ఉన్నాడు గనుక నేరుగా సంబంధం లేదన్న వాదన అక్కడా వినబడింది. అయితే స్వచ్ఛంద సంఘాలవారు చేలకు వెళ్ళి తలలు లెక్కపెట్టగలిగారు. పిల్లలతో, తల్లిదండ్రులతో మాట్లాడగలిగారు. సంస్థలు దిగివచ్చి, పిల్లలను పెట్టని రైతులకు హెచ్చు ధర ఇచ్చే ఏర్పాటు చేశాయి. సమస్య పూర్తిగా పోలేదు గాని తగ్గింది. తేడా సంస్థల మనస్తత్వంలో లేదు. అక్కడ చేను గట్టుమీద నిలబడి ప్రశ్న అడగడానికి మనిషి వెళ్ళగలిగాడు, ఇక్కడ వెళ్ళలేడు.

ఇక్కడొక ధర్మసందేహం తలెత్తుతుంది. రుజువుభారం వాదిపై ఉంటుందన్నది ఇస్లామీ న్యాయసూత్రాలలో ప్రాథమికమైనది. సాక్షులే లేనప్పుడు సంస్థలను దోషులనడం ఎట్లా? దీనికి ఇబ్ను ఖయ్యిమ్ (రహ్మ) ‘అత్తురుఖుల్ హుక్మియ్యా’లో చేసిన చర్చ గమనార్హం. ‘బయ్యినా’ అంటే ఇద్దరు సాక్షులు మాత్రమే కాదనీ, సత్యాన్ని స్పష్టపరచే ప్రతి ఆధారమూ బయ్యినాయేననీ, పరిస్థితుల సూచనలను విస్మరించే న్యాయాధిపతి ఎన్నో హక్కులను పాడుచేస్తాడనీ ఆయన అభిప్రాయం. సాక్షుల నోరు నొక్కినవాడే సాక్షులు లేరన్న వాదంతో లాభపడడానికి వీలు లేకుండా చేసే మార్గమిది. అమెరికాలో 2021 డిసెంబరు 23న సంతకమై, 2022 జూన్ 21 నుండి అమలులోకి వచ్చిన ఉయిగూర్ నిర్బంధ శ్రమ నిరోధక చట్టం వేరే దారిన ఇదే చోటికి చేరింది. సింకియాంగ్‌లో ఏ కొంత తయారైన సరుకైనా నిర్బంధ శ్రమతో చేసినదేనని ఆ చట్టం భావిస్తుంది. కాదని నిరూపించవలసిన భారం దిగుమతిదారుది. అంతవరకు ‘కనబడలేదు’ అన్నవారందరూ మరునాటి నుండి దూది ఏ చేనిదో చూపే పత్రాలు వెదకసాగారు.

సరిగ్గా ఆ చట్టంపై సంతకమైన నాడే ఇంటెల్ సంస్థ చైనా ప్రజలకు క్షమాపణ చెప్పుకున్నది. సింకియాంగ్ సరుకును, శ్రమను వాడవద్దని తన సరఫరాదారులకు వ్రాసినందుకు. ఆ లేఖ అమెరికా చట్టాన్ని పాటించడానికే తప్ప తన అభిప్రాయం కాదని వివరణ. స్వీడన్‌కు చెందిన హెచ్ అండ్ ఎమ్ అనుభవం మరింత స్పష్టం. 2020లో అది సింకియాంగ్ దూదిపై ఆందోళన ప్రకటించింది. 2021 మార్చిలో చైనా కమ్యూనిస్టు యువజన సంఘం ఆ పాత ప్రకటనను బయటికి తీసి దుయ్యబట్టగానే, చైనాలోని అంతర్జాల అంగళ్ళ నుండి ఆ సంస్థ సరుకు ఒక్క రోజులో మాయమయింది. పటాలలో దాని దుకాణాల గుర్తులు కూడా చెరిగిపోయాయి. వారం తరువాత అది చేసిన కొత్త ప్రకటనలో చైనా ఖాతాదారుల నమ్మకాన్ని తిరిగి పొందుతామని ఉన్నది గాని, సింకియాంగ్ పేరు లేదు. ఇండిటెక్స్ తన పాత ప్రకటనను తొలగించింది. హ్యూగో బాస్ పేరిట చైనాలో సింకియాంగ్ దూదినే కొంటామన్న ప్రకటన వెలువడి, తరువాత అది అనుమతి లేని ప్రకటన అన్నారు. ఒకే నోరు పడమట ఒక మాట, తూర్పున ఒక మాట పలికింది. కొనేటప్పుడు నిండుగా కొలిచి, ఇచ్చేటప్పుడు తగ్గించి కొలిచేవారిని ‘ముతఫ్ఫిఫీన్’ సూరా నిందించింది తరాజుల విషయంలోనే అయినా, వ్యాఖ్యాతలు దాన్ని తరాజులకే పరిమితం చేయలేదు.

ముస్లిం పాఠకునికి ఈ చట్టాలు, ఈ నివేదికలు అనుమానం కలిగించడం సహజం. 22 మంది ఉయిగూరులను గ్వాంతనామోలో బంధించిన దేశమే నేడు వారి తరఫున మాట్లాడుతున్నది. వారిలో చివరి ముగ్గురు 2013 డిసెంబరు వరకు అక్కడే ఉన్నారు. చైనాతో వాణిజ్యపు పోరు ముదిరిన తరువాతనే ఈ కరుణ పొంగిందన్నది కూడా నిజమే. వాది ఉద్దేశం మంచిది కానంత మాత్రాన హక్కుదారుని హక్కు పోదు. సాక్షి నిష్పాక్షికతను శంకించి సాక్ష్యం తోసివేయవచ్చును గాని, ఇక్కడ ప్రధాన సాక్ష్యం ప్రతివాది సొంత ఉత్తర్వులు. 2022 ఆగస్టు 31న ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కార్యాలయం కూడా, ఈ శ్రామిక పథకాలు వివక్షాపూరితమైనవిగా, బలవంతపు లక్షణాలు కలవిగా కనబడుతున్నాయని తేల్చింది.

ఆ నివేదికపై కనీసం చర్చ జరపాలన్న తీర్మానం 2022 అక్టోబరు 6న మానవహక్కుల మండలి ముందుకు వచ్చింది. అనుకూలం 17, ప్రతికూలం 19. ఇండోనేషియా, పాకిస్తాన్, ఖతర్, ఐక్య అరబ్ ఎమిరేట్స్, ఉజ్బెకిస్తాన్ ప్రతికూలంగా చెయ్యెత్తాయి. మలేషియా తటస్థం. భారతదేశం కూడా తటస్థమే. ముస్లింలు అధిక సంఖ్యాకులైన దేశాలలో చర్చ కావాలన్నది ఒక్క సోమాలియా. దాని వెనుక గొప్ప వర్తకం లేదు. వర్తక సంస్థలను ద్వంద్వనీతికి దోషులనే ముందు ఈ పట్టికను కూడా పక్కన పెట్టుకొని చదవాలి. షెఫీల్డ్ హాలమ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2021లో దూది దారిని వెదికినప్పుడు, సింకియాంగ్ దూదిని బట్టలుగా మార్చి పడమటికి పంపే మధ్యవర్తి దేశాలలో ఇండోనేషియా, బంగ్లాదేశ్, పాకిస్తాన్ కనబడ్డాయి. భారతదేశం కూడా. స్వతంత్రుణ్ణి అమ్మి ఆ ధనం తిన్నవానికీ, పని చేయించుకొని కూలి ఎగవేసినవానికీ ప్రళయదినాన అల్లాహ్ స్వయంగా ప్రతివాది అవుతాడన్న భావం గల హదీసు బుఖారీ సంకలనంలో ఉన్నది. అందులో అమ్మినవాడు ముస్లిమా కాదా అన్న మినహాయింపు లేదు.

ఐరోపా సమాఖ్య 2024లో నిర్బంధ శ్రమ సరుకును నిషేధిస్తూ శాసనం చేసింది. అది వర్తించేది 2027 డిసెంబరు 14 నుండి. అమెరికా చట్టంవలె రుజువుభారాన్ని దిగుమతిదారుపై మోపే నిబంధన అందులో లేదు. అధికారులే విచారించి సాక్ష్యం చూపాలి. అనగా ‘కనబడలేదు’ అన్న వాక్యానికి అక్కడ ఇంకా చెల్లుబాటు ఉన్నది. అమెరికా రేవులలో ఆపిన సరుకును సైతం దిగుమతిదారు ధ్వంసం చేయనక్కరలేదు, మరో దేశానికి తిప్పి పంపుకోవచ్చును. భారతదేశంలో అటువంటి చట్టమేదీ లేదు. సౌరఫలకాల విషయంలో ఇది మరీ ముఖ్యం. 2021లో పరిశోధకులు లెక్కగట్టేనాటికి, వాటికి మూలపదార్థమైన పాలీసిలికాన్‌లో ప్రపంచపు ఉత్పత్తిలో 45 శాతం సింకియాంగ్‌దే. అమెరికా కొరకు ప్రత్యేకంగా, సింకియాంగ్ పదార్థం కలపని ఫలకాల వరుస ఒకటి, మిగతా లోకానికి మరొకటి చొప్పున తయారీదారులు సరఫరాను విడదీశారు. ఆ రెండవ వరుసలో నిలబడి కొనేవారికి ఏ పత్రమూ ఇవ్వవలసిన పని లేదు. ఇంతవరకు అడిగినవారూ కొద్దిమందే.